పసుపు నీళ్ళు పడని కాళ్ళు

ముందు మీరు చెప్పండి. ఈ దీవుల్లో, డిగ్నాబాద్ మూల మీద, మొబైల్ రీచార్జి కొట్టు పక్కన, గొడుగు పట్టుకుని మీరూ నిలబడ్డారు కదా. సిస్టర్ల బడి ఆడపిల్లల ఊరేగింపు మీ ముందు నుంచే పోయింది కదా. ఏం చూశారు? తెల్ల గౌన్లు చూశాం, నీలం రిబ్బన్లు చూశాం, పల్లకీలో మరియమ్మ తల్లిని చూశాం అనకండి. అది అందరూ చూసిందే. ఆఖరి వరసలో ఎడమ చివర నడిచిన పిల్లను చూశారా? ఆ పిల్ల మొహం చూశారా, కాళ్ళు చూశారా? అది చెప్పండి. మీరు కూడా నోరు మూసుకుంటే గవరమ్మకి చెప్పే దిక్కు ఇంకెవరూ లేరు.

గవరమ్మ చేపలమ్ముకునే మనిషి. పొద్దున్నే జంగ్లీఘాట్ రేవులో, మొగుడు అప్పలరాముడు డోంగీ పడవ దిగీ దిగకముందే తట్ట పట్టుకుని నిలబడుతుంది. కానాగడతలో, వంజరమో, ఆ రోజు వలకి ఏది పడితే అది ఎత్తుకుని డిగ్నాబాద్ సందులన్నీ తిరుగుతుంది. బెంగాలీ వాళ్ళ గుమ్మం ముందు ఒక భాష, రాంచీ వాళ్ళ గుమ్మం ముందు ఒక భాష, మనవాళ్ళ గుమ్మం ముందు ఒక భాష. మొదటి రెండూ సగం సగమే. అయినా బేరంలో ఆమెను ఓడించినవాళ్ళు లేరు. ఎండ ముదిరే వేళకి సిస్టర్ల బడి వెనక గేటు దగ్గర తట్ట దించుతుంది. శుక్రవారాలు సిస్టర్లు మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజు చేప ఎక్కువ పోతుంది. గేటు కాపలా గురునాథం ఆమె తట్టకి చెయ్యేసి దించి, "ఈ రోజు కంపు కొంచెం తక్కువగా ఉంది వదినా," అంటాడు. "నీ ముక్కు సచ్చిపోనాది, నా సేపలు కావు," అంటుంది గవరమ్మ. ఇది రోజూ జరిగేదే.

ఆ బడిలో ఏడాది పొడుగునా ఏదో ఒక పండగ ఉంటుంది. జూన్‌లో బడి తెరిచే రోజున పూజ. డిసెంబరులో గవ్వలతో, కొబ్బరాకులతో పశువుల పాక కట్టి అందులో బాలయేసుని పడుకోబెడతారు. వార్షికోత్సవంలో నాటకాలు. అన్నిటికంటే పెద్దది సెప్టెంబరులో వచ్చే మరియమ్మ తల్లి పుట్టినరోజు. దానికి ముందు తొమ్మిది రోజులు సాయంత్రం ప్రార్థన. రోజుకో తరగతి పూలు తేవాలి. దీవుల్లో బంతిపూలు కావాలంటే ఓడ రావాలి. అందుకని పిల్లలు మందారాలు, కాగితం పూలు, ఎవరి దొడ్లో దొరికితే వాళ్ళ దొడ్లోంచి కోసుకొస్తారు. పండగ నాడు పదో తరగతి పిల్లలు తల్లి పల్లకీని భుజాన ఎత్తుకుంటారు. మిగిలినవాళ్ళు కాగితం కప్పుల్లో కొవ్వొత్తులు పట్టుకుని వెనక నడుస్తారు. డిగ్నాబాద్ మూల మీదుగా, సముద్రం కనిపించే మలుపు దాకా వెళ్ళి, అక్కడ సముద్రం వైపు తిరిగి పాట పాడి, అదే దారిన బడికి తిరిగొస్తారు. తర్వాత కేకు, పులావు, సేమ్యా పాయసం.

వెళ్ళేటప్పుడు వరసలో ఒక పిల్ల ఎక్కువ ఉంటుంది. వచ్చేటప్పుడు సరిపోతారు.

ప్రతి ఏడూ ఇంతే. కుట్లు నేర్పే ప్రమోద మిస్ ప్రతి ఏడూ ఒక గౌను ఎక్కువ కుడుతుంది. కొలత ఎవరిదీ తీసుకోదు. కత్తెర ఎలా పోతే అలా పోనిస్తుంది. ఒకసారి ఒకటో తరగతి పిల్లకి సరిపోయేంత వస్తుంది, ఒకసారి పదో తరగతి పిల్లకి. దాన్ని కుట్ల గదిలో మేకుకి తగిలిస్తారు, పండగ పొద్దున కింద ఒక రిబ్బను, ఒక కొవ్వొత్తి పెడతారు. పిల్లలు వరస కట్టేసరికి మేకు ఖాళీగా ఉంటుంది. వంటగదిలో ప్లేటు కూడా ఒకటి ఎక్కువే కడుగుతారు, అది మాత్రం కడిగింది కడిగినట్టే ఉండిపోతుంది. ఆ ఎక్కువ పిల్ల ఎవరో తెలియదు. ఆ రోజు ఎవరి మొహం చూసినా తెలిసిన మొహమే అనిపిస్తుంది. హెడ్ సిస్టర్ బెనెడిక్టా రాంచీ మనిషి. గేటు దగ్గర నిలబడి పిల్లల తలలు తాకుతూ లెక్కపెట్టి, ఒకరు ఎక్కువైతేనే గేటు తీయమంటుంది. ఒకసారి సరిగ్గా వచ్చారని, ఆ ఎక్కువ పిల్ల వచ్చేదాకా అందరినీ వానలో నిలబెట్టింది. ఆ ఎక్కువ పిల్ల ఎటు పోయిందని ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా కొత్తలో ఒకసారి అడిగి, మళ్ళీ అడగలేదు.

డిగ్నాబాద్ మూల మీద మనవాళ్ళ ఆడవాళ్ళు చేసే పని ఇంకొకటుంది. మన ఊళ్ళలో అమ్మవారి ఘటం వీధిలోకి వస్తే, ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తాం కదా. ఇక్కడా అంతే. బిందెలతో పసుపు నీళ్ళు కలుపుకుని నిలబడి, పల్లకీ మోసేవాళ్ళకే కాదు, వెనక నడిచే పిల్లలందరి కాళ్ళ మీదా చెంబుతో పోస్తారు. తెల్ల మేజోళ్ళు పాడవుతున్నాయని సిస్టర్లు చాలా ఏళ్ళు మొత్తుకున్నారు. "తల్లి ఈదిలోకి వత్తే వట్టి కాళ్ళతో పంపుతారేటి?" అని గవరమ్మే ఎదురు తిరిగింది. చివరికి సిస్టర్లే తగ్గారు. ఇప్పుడు పండగ నాడు పిల్లలందరూ చెప్పులు, మేజోళ్ళు బడిలో వదిలి ఉత్త కాళ్ళతో నడుస్తారు. ఆ నీళ్ళు ఊరికే పోసేవి కావు. పసుపు నీళ్ళు పడిన కాళ్ళు ఏ గడప దాటి బయల్దేరాయో ఆ గడపకే తిరిగి రావాలి. అందుకే పోస్తారు.

ఇప్పుడు అమ్ములు సంగతి.

అమ్ములు గవరమ్మ కూతురి కూతురు. కూతురు అక్కడ శ్రీకాకుళం ఒడ్డున జ్వరంతో పోయింది. అల్లుడు పడమటి తీరాన వీరావళ్ బోట్ల మీదకి వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. పిల్లను వాడి అక్క తీసుకెళ్ళి రొయ్యల షెడ్డులో కూర్చోబెట్టింది. ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి పదకొండేళ్ళ పిల్ల వేళ్ళ కొసలు చితికిపోయాయి. అప్పలరాముడు వెళ్ళి, మేనత్తతో పెద్ద గొడవ పడి, జూలై ఓడలో పిల్లను తెచ్చాడు. పిల్ల నోట్లో హిందీ ముక్క లేదు. రొయ్యల తట్ట కనిపిస్తే లేచి అవతలికి పోయేది. నిద్రపోతే అమ్మమ్మ చీర కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోయేది. విడిపించబోతే మేలుకునేది.

ఆ పిల్లను చదివించాలని గవరమ్మ పట్టుదల. తను చదువుకోలేదు, కూతుర్ని చదివించలేదు, కనీసం ఇదైనా. కానీ టీసీ లేదు. అక్కడి బడివాళ్ళు తండ్రి వస్తేనే ఇస్తామన్నారు. తండ్రి ఫోనెత్తడు. సర్కారు బడిలో కాగితాలు తెచ్చుకుని వచ్చే ఏడు రమ్మన్నారు. ఇంట్లో వేటకి పోయేవాడొకడు, అమ్మకానికి పోయేదొకర్తి, పిల్లను చూసేవాళ్ళు లేరు. మేనత్తేమో ఊళ్ళో పెద్దల్ని పోగేసి అప్పలరాముడికి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి ఆయన మెత్తబడి సెప్టెంబరు ఓడకి పిల్ల టికెట్టు తీశాడు. వెళ్ళేది పక్కింటి బేబీరాణి కుటుంబంతో. టికెట్టు బియ్యం డబ్బాలో పెట్టాడు.

"మరేటి సేద్దుం," అన్నాడు. "బడి లేదు, కాయితం లేదు. ఇక్కడుండి రోడ్లు తిరగమంటావా?"

"రొయ్యల సెడ్డు కంటే రోడ్డు నయం," అంది గవరమ్మ.

మర్నాడు చేపల తట్ట దించి తిన్నగా హెడ్ సిస్టర్ గదిలోకి నడిచింది. సిస్టర్ బెనెడిక్టా చెడ్డ మనిషి కాదు. కూర్చోమని కుర్చీ చూపించింది. చేప చేతులతో కుర్చీ ఎందుకని గవరమ్మ నిలబడే మాట్లాడింది.

"సిస్టరమ్మా, నా గుంటకి, నా మనవరాలికి ఒక్క సీటియ్యి."

"సీట్ నహీ హై, అమ్మా. ఆరో తరగతి నిండిపోయింది. టీసీ కూడా లేదు. మై క్యా కరూఁ, నేనేం చెయ్యను?"

"ఏడాదేడాదీ ఒక గుంటకి ఎక్కువ గౌను కుడతారు, కొవ్వొత్తి పెడతారు, కంచం కడుగుతారు. ఆ గుంట పేరు మీకు తెలీదు, ఊరు తెలీదు. దానికి టీసీ ఉందేటి? ఆ జాగా నా గుంటకియ్యి."

కిటికీలోంచి పిల్లలు పాట నేర్చుకుంటున్న చప్పుడు వస్తోంది. "ఆ జాగా ఇచ్చేది నేను కాదమ్మా," అంది సిస్టర్. "అది ఒక్కరోజు జాగా. అందులో ఉన్నవాళ్ళు ఉండిపోరు."

గవరమ్మ విసురుగా బయటికొచ్చింది. కుట్ల గది ముందు ప్రమోద దారాలు చుట్టుకుంటోంది. దీవుల్లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గాని చదవమంటే తడుముకుంటుంది.

"ఆంటీ, కోపంగా ఉన్నారేంటి? ఇదిగో చూడండి, ఈసారి గౌను ఆరో క్లాసు పిల్ల సైజు వచ్చింది," అని మేకుకి ఉన్న గౌను చూపించింది.

గవరమ్మ దాన్ని చూసింది. కొలత తీసి కుట్టినట్టు ఉంది. అమ్ములుకి.

పండగ నాడు పొద్దున్నుంచీ జల్లు. గవరమ్మ అమ్ములు తలకి నూనె రాసి రెండు జడలు వేసి, చెయ్యి పట్టుకుని వెనక గేటు దగ్గరికి తీసుకొచ్చింది.

"పండగ సూడ్డానికా, వదినా?" అన్నాడు గురునాథం.

"సూడ్డానికి కాదు," అంది గవరమ్మ. అతను గేటు తీశాడు.

కుట్ల గదిలో మేకుకున్న గౌను తీసి పిల్లకి తొడిగింది. రిబ్బను కట్టింది. కొవ్వొత్తి చేతికిచ్చింది. ప్రమోద చూసింది. చూసి, సూదుల డబ్బా కింద పోసుకుని ఒక్కొక్కటీ ఏరుకోవడంలో పడింది.

"నేనెక్కడ నిలబడాల అమ్మమ్మా?" అంది అమ్ములు.

"ఆకరి వరసలో. ఎడం పక్క. ఎవులేటడిగినా నవ్వు. ఒకలు ఎక్కువుండాల, అది నువ్వే. ఎళ్ళు."

సిస్టర్ బెనెడిక్టా తలలు తాకుతూ వచ్చింది. ఆఖరి వరసలో అమ్ములు తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కొంచెం ఎక్కువసేపు ఆగింది. తర్వాత "ఒకరు ఎక్కువ, ఠీక్ హై," అని గేటు తీయించింది. గవరమ్మ గుండె కుదుటపడింది. అంటే ఈసారి ఆ పిల్ల రాలేదన్నమాట. దాని జాగాలో నా గుంట నిలబడిందన్నమాట. అలా అనుకుంది. మీరైనా అలాగే అనుకునేవారు.

అడ్డదారిన డిగ్నాబాద్ మూలకి వచ్చి, బేబీరాణి పక్కన తన బిందె పెట్టుకుని నిలబడింది. డప్పులు వినిపించాయి. పల్లకీ వచ్చింది. ఆడవాళ్ళు నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. పసుపు కాళ్ళు తారు రోడ్డు మీద బొమ్మలు వేసుకుంటూ పోతున్నాయి. గవరమ్మ చెంబు ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. అలా పోస్తుంటేనే ఆమెకా ఆలోచన వచ్చింది. ఇక్కడే ఆమె చేసిన పని జరిగింది.

పసుపు నీళ్ళు పడిన కాళ్ళు బయల్దేరిన గడపకి తిరిగొస్తాయి. మిగిలిన పిల్లలు ఇవాళ బడి పిల్లలుగా బయల్దేరారు, బడికి పోతారు. అమ్ములు బయల్దేరిన గడప గవరమ్మది. నీళ్ళు పోస్తే ఆ గడపకే వస్తుంది. ఆ ఇంట్లో బియ్యం డబ్బా ఉంది, డబ్బాలో ఓడ టికెట్టు ఉంది. పొయ్యకపోతే? పిల్లలందరితోపాటు బడికి పోయి బడిలోనే ఉండిపోతుంది.

ఆఖరి వరస వచ్చింది. అమ్ములు అమ్మమ్మను చూసి నవ్వి, కుడికాలు ముందుకి చాపింది.

"పొయ్యి అమ్మమ్మా."

గవరమ్మ చెంబు వెనక్కి లాక్కుంది. "నీకొద్దు. నడు."

"అందరికీ పోసావు కదా."

"నీకొద్దన్నాను కాదేటి. ఎళ్ళు, వరస పోతంది."

పిల్ల మొహం ముడుచుకుపోయింది. కాలు వెనక్కి తీసుకుంది. పొడి కాళ్ళతో, చెయ్యడ్డం పెట్టి కొవ్వొత్తి కాపాడుకుంటూ పోయింది. మలుపు తిరిగేదాకా గవరమ్మ చూసింది. మోకాళ్ళ నొప్పి ఆమెను వెంట పోనివ్వలేదు. సముద్రం వైపు నుంచి పాట వినిపించింది, వానలో తడిసి సగం సగం.

తిరిగొచ్చారు. ఆఖరి వరస, ఎడమ చివర, అమ్ములు. అవే జడలు, అదే రిబ్బను. నవ్వుతోంది. గవరమ్మ కళ్ళు పిల్ల కాళ్ళ మీద పడ్డాయి. పచ్చగా ఉన్నాయి. మడమల దాకా పసుపు.

బడి గేటు దగ్గర సిస్టర్ లెక్కపెట్టింది. "సరిపోయారు," అంది. గవరమ్మ అక్కడే నిలబడి, ఏ తల్లి పిల్ల కోసం వెతుక్కుంటుందోనని చూసింది. అందరి తల్లులూ వచ్చారు, అందరికీ ఎవరి పిల్ల వాళ్ళకి దొరికింది. ఎవరి పిల్లా తగ్గలేదు. తన పిల్లా ఉంది. అయినా లెక్క సరిపోయింది. ఎలా సరిపోయిందో ఆమె బుర్రకి అందలేదు.

"నీ కాళ్ళ మీద నీళ్ళెవులు పోసారే?" అని అడిగింది.

"నువ్వే కదా అమ్మమ్మా," అంది పిల్ల.

బేబీరాణిని అడిగితే, "అన్ని కాళ్ళ మీద పోసాం, ఏ కాళ్ళు ఎవులివో గుర్తుంటాదా అప్పా? నానే పోసానేమో," అంది. అదీ నిజమే. అలా కూడా జరగొచ్చు.

మర్నాడు గవరమ్మ పిల్లను తీసుకుని బడికి పోయింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. చెప్పాల్సిన పనే లేకపోయింది. గురునాథం "బేటీ, టైమైపోయింది, పరిగెత్తు," అన్నాడు. పిల్ల ఆరో తరగతిలోకి పోయి కిటికీ పక్క బెంచీ మీద, ఎప్పుడూ కూర్చునేదానిలా కూర్చుంది. పక్క పిల్లలు జరిగారు. టీచరు పేరు పిలిచింది, పిల్ల పలికింది. టీసీ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఓడ వెళ్ళిపోయింది. టికెట్టు డబ్బాలోనే ఉండిపోయింది.

"దేవుడిచ్చినాడు, ఊరుకో," అన్నాడు అప్పలరాముడు.

గవరమ్మ ఊరుకుంది. ఎంతకాలం ఊరుకుంటుంది? పిల్ల నెల తిరక్కుండా దీవుల పిల్లలా గడగడా హిందీ మాట్లాడింది. పిల్లలు తొందరగా నేర్చుకుంటారు, సరే. రొయ్యల తట్ట దగ్గర కూర్చుని పాట పాడుకుంటూ ఒలిచింది. భయం పోయిందేమో, సరే. వేళ్ళ కొసలు నున్నగా అయ్యాయి. గాయాలు మానుతాయి, సరే. నిద్రలో కొంగు పట్టుకోవడం మానేసింది. వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని నిద్రపోతుంది. దానికి మాత్రం గవరమ్మకి ఏ సరీ దొరకలేదు. కొంగు తీసి పిల్ల పిడికిట్లో పెట్టి చూసింది. పిడికిలి మూసుకోలేదు.

మంచి పిల్ల. అబద్ధం చెప్పకూడదు. బడి నుంచి రాగానే అమ్మమ్మ మోకాళ్ళకి నూనె పట్టించేది. తాత తాగివస్తే తలుపు దగ్గరే నిలబెట్టి, "మొహం కడుక్కుని రా తాతా, నీ మీద సేపలే నయంగా ఉన్నాయి," అనేది. ఆయన నవ్వుకుంటూ పోయి కడుక్కునేవాడు. లెక్కల్లో తరగతికి మొదట వచ్చింది. డిసెంబరులో పశువుల పాకకి గవ్వలు ఏరుకొచ్చి, ఒకటి గవరమ్మ చేతిలో పెట్టి, "ఇది నీకు," అంది. గవరమ్మ ఆ గవ్వను రవికెలో దాచుకుంది. దాచుకుని, చేపల తట్టతో సముద్రం కనిపించే మలుపు దాకా పోయి, ఎటు చూడాలో తెలియక నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. అక్కడ ఎవరూ లేరు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి.

ఉండబట్టలేక సిస్టర్ గదికి పోయింది.

"ఆ ఎక్కువ గుంట తిరిగి ఎక్కడికెల్తాది సిస్టరమ్మా?"

"హమ్ నహీ పూఛ్‌తే," అంది సిస్టర్ బెనెడిక్టా. మేం అడగం.

"అడగరు. మీకేం, మీకు సొంత గుంటలు లేరు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. సిస్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ఆ రోజు తల మీద చెయ్యి పెట్టాను అమ్మా," అంది నెమ్మదిగా. "నూనె వాసన వచ్చింది. ఏటా వచ్చే మా పిల్ల కాదని తెలుసు. గేటు తీయించాను. నువ్వు అడిగిన జాగా అదే కదా."

గవరమ్మ వెనక్కి తిరిగి నడిచింది. గేటు దగ్గర తట్ట కూడా మర్చిపోయి ఇంటికొచ్చింది.

అప్పలరాముడు వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మరి ఇది ఎవులంటావు?" అన్నాడు.

"నాకేటి తెలుసు."

"దీనికీ తల్లి లేదు కదా. ఉంటే ఏడాదికొకసారి ఎవుల గౌనో తొడుక్కుని మన ఈదిలోకి ఎందుకొస్తాది? తినీది మన కంచంలో, పిలిచీది నన్ను తాతని. ఇంక అడక్కు."

"మరి మన అమ్ములు? పొడి కాళ్ళతో పోనాది. నానే పొమ్మన్నాను."

అప్పలరాముడు వల మీదకి వంగాడు. ముడి వెయ్యాల్సినచోట దారం తెంపేశాడు.

ఏడాది తిరిగింది. మళ్ళీ పండగ దగ్గరికొచ్చింది. ఇంట్లో పిల్ల జానెడు పెరిగింది. ఏడో తరగతి, కొత్త గౌను కుట్టించాల్సి వచ్చింది. దాన్ని తెచ్చుకోవడానికి గవరమ్మ కుట్ల గదికి వెళ్ళింది. మేకుకి ఎక్కువ గౌను తగిలించి ఉంది.

ప్రమోద దాని వైపు చూడకుండా చెప్పింది. "ఆంటీ, నేను కావాలని చెయ్యలేదు. కత్తెర అలా పోయింది. మళ్ళీ అదే సైజు వచ్చింది. ఒక్క అంగుళం కూడా తేడా లేదు."

గవరమ్మ గౌను అంచు పట్టుకుని చూసింది. పోయినేడు తను తొడిగిన గౌనులాగే ఉంది. ఏడాదంతా ఎదగని పిల్ల కోసం కుట్టినట్టుంది.

పండగ నాడు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో పిల్లకి తలకి నూనె రాసి, రెండు జడలు వేసి, బడికి పంపింది. మొన్నటి గాలివానకి రోడ్డు కోసుకుపోయి కొళాయిల్లో నీళ్ళు రావడం లేదు. ఇంట్లో ఉన్న నీళ్ళే బిందెలో పోసి పసుపు కలిపింది. సగం బిందె. బేబీరాణి దగ్గర అదీ లేదు. వీధిలో చాలామంది ఆడవాళ్ళు ఉత్త చేతులతో నిలబడ్డారు.

డప్పులు. పల్లకీ. మోసేవాళ్ళ కాళ్ళ మీద పోసింది. చిన్నపిల్లల కాళ్ళ మీద కొంచెం కొంచెం పోసింది. బిందె అడుగు కనిపిస్తోంది. ఏడో తరగతి వచ్చింది. ఇంట్లో పిల్ల ఆమె ముందు ఆగి కుడికాలు చాపింది.

"పొయ్యి అమ్మమ్మా."

బిందెలో ఒక్క చెంబు నీళ్ళున్నాయి. గవరమ్మ ముంచింది. ముంచిన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముందు పల్లకీ భుజం మార్చుకోవడానికి ఆగింది. వరసలన్నీ ఆగాయి. పిల్ల కాలు చాపి నిలబడే ఉంది, నవ్వుతూ. పోయినేడు ఆ కాళ్ళు పచ్చగా వచ్చాయి. ఎవరు పోశారో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ఎవరో వెనక నుంచి ఆమె కొంగు పట్టుకున్నారు.

గవరమ్మ తల తిప్పింది. వెనక వరసలు ఒత్తుకొచ్చి, ఆఖరి వరస ఆమె పక్కకి వచ్చి ఆగి ఉంది. ఎడమ చివర పిల్ల, మేకుకున్న గౌను వేసుకుని, కొవ్వొత్తి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు పిడికిట్లో బిగించి ఉంది. వేళ్ళ కొసలు చితికి ఉన్నాయి. జడల్లో నూనె ఇంకా ఆరలేదు. కాళ్ళు పొడిగా, తెల్లగా ఉన్నాయి. నోరు విప్పి అడగలేదు. పోయినేడు అడిగితే వద్దన్నారని కాబోలు, కాలు చాపలేదు. పిడికిలి మాత్రం వదల్లేదు.

ఇంట్లో పిల్ల ఆ పిడికిలి చూసింది. నవ్వు పోయింది. కాలు వెనక్కి తీసుకోలేదు. "అమ్మమ్మా," అంది మెల్లిగా, "నాను పోవాలా?"

ముందు పల్లకీ లేచింది. డప్పు మళ్ళీ మొదలైంది. వరసలు కదులుతున్నాయి. బడి గేటు దగ్గర సిస్టర్ లెక్కపెట్టడానికి నిలబడి ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు సరిపోవాలి. ఒకరే వస్తారు.

మీరు అక్కడే ఉన్నారు. గొడుగు కింద నిలబడి అంతా చూశారు. పిల్లల మొహాలు చూశారు, కాళ్ళు చూశారు, ఆమె చేతిలో ఉన్న ఒక్క చెంబు నీళ్ళూ చూశారు. ఇప్పుడు చెప్పండి, గవరమ్మ ఆ నీళ్ళు ఎవరి కాళ్ళ మీద పొయ్యాలి?